ఎక్స్‌పల్స్‌తో మట్టి ట్రాక్ మీద జంప్‌లు: సస్పెన్షన్ గురించి సలహా కావాలి

అందరికీ నమస్కారం. మాది కావలి. నాది హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ బైక్, మా వాళ్ళలో ఇద్దరివి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411లు. ఉదయగిరి వైపు తెలిసినవాళ్ళ బీడు భూమిలో, వాళ్ళను అడిగే, చిన్న మోటోక్రాస్ (మట్టి దిబ్బల మీద బైక్ రేసు) ట్రాక్ లాంటిది చేసుకున్నాం. ఆదివారం పొద్దున్నే ఎండ ఎక్కకముందు తిరుగుతాం.

మలుపుల్లో ఇబ్బంది లేదు. జంప్ దిగేటప్పుడే ముందు ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్ గొట్టాలు) చివరిదాకా కుంగి ఠక్‌మని కొడుతోంది. అసలు మోటోక్రాస్ బండికి సస్పెన్షన్ దాదాపు 300 మిల్లీమీటర్లు కదులుతుంది, నా బండికి ముందు 190, వెనక 170 మాత్రమే. బరువు కూడా ఎక్కువ. ఆ తేడా తెలుసు కాబట్టి రెండడుగుల దిబ్బలే దూకుతున్నాం, అయినా కొడుతోంది. వెనక ప్రీలోడ్ (స్ప్రింగును ముందే ఎంత బిగించి ఉంచాలనే సెట్టింగ్) పెంచాను, ముందు తేడా రాలేదు. నా బరువు 82 కిలోలు.

ఫోర్క్ ఆయిల్ చిక్కటిది పోస్తే చాలా, స్ప్రింగులే మార్చాలా? ఇసుక కోసం టైర్లలో గాలి 20 పీఎస్ఐకి తగ్గిస్తే ట్యూబు వాల్వ్ దగ్గర చిరిగింది, ఎంత ఉంచాలి? హిమాలయన్‌లు 199 కిలోలు, వాటిని అసలు దూకించవచ్చా? మావాడొకడికి పోయిన వారం మణికట్టు బెణికింది, అందుకే టెన్షన్‌గా ఉంది. నెల్లూరు, ఒంగోలు వైపు ఫోర్క్ పని బాగా తెలిసిన మెకానిక్ ఉంటే దయచేసి చెప్పండి.