వయొలిన్ కాన్చెర్టోలో మనోధర్మం ఎక్కడ?

ఎంవీపీ కాలనీ శ్రోత:
నమస్కారమండీ. పోర్టులో చేసి రిటైరయ్యాను. చిన్నప్పటి నుంచీ వయొలినే, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి బాణీ. మా గురువుగారు విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నారు. వచ్చే నెల ముంబైలో మా అమ్మాయి దగ్గరకు వెళ్తున్నాను. అక్కడి ఎన్‌సీపీఏ కళాకేంద్రంలో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా కచేరీకి టికెట్లు తీసింది. మెండెల్సన్ అనే స్వరకర్త రాసిన ఇ-మైనర్ వయొలిన్ కాన్చెర్టోట, అంటే ఒక వయొలిన్ ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన.

యూట్యూబ్‌లో ముగ్గురు వాయించగా విన్నాను. కమాను మీద ఆ అదుపుకి దణ్ణం పెట్టాలి. కానీ ముగ్గురివీ అవే స్వరాలు! మన విశాఖ కళాభారతి హాల్లో ఇద్దరు తోడి రాగం వాయిస్తే రెండు తోడిలు వింటాం, ఎవరి మనోధర్మం వారిది, అప్పటికప్పుడు కల్పిస్తారు. మరి ఇందులో వాయించేవాడి సొంతమేమిటి? ఇంకోటి, చప్పట్లు ఎప్పుడు కొట్టాలి? సంగతి బాగా పడితే నోరు మూసుక్కూర్చోవడం నా వల్ల కాదు.

చెలో పిల్ల:
అంకుల్, కాడెంజా అని ఒక చోటుంటుంది. ఆర్కెస్ట్రా మొత్తం ఆగిపోయి సోలో వయొలిన్ ఒక్కటే వాయిస్తుంది. పూర్వం అక్కడ అప్పటికప్పుడు కల్పించేవారు. బీథోవెన్ 1806 నాటి కాన్చెర్టోలో ఆ చోటు ఖాళీగానే వదిలాడు. ఇప్పుడు చాలామంది తర్వాతి వయొలిన్ విద్వాంసులు క్రైస్లర్ రాసిందో యోఖిం రాసిందో వాయిస్తారు. మెండెల్సన్ మాత్రం తనే రాసిపెట్టాడు.

ఎంవీపీ కాలనీ శ్రోత:
అప్పటికప్పుడు అల్లాల్సిన కల్పనస్వరాల్ని ఇంట్లో రాసుకొచ్చినట్టన్నమాట. మన దగ్గరా ఉన్నారులెండి అలాంటివాళ్లు, పేర్లెందుకు.

సీతమ్మధార:
మాస్టారూ, అంత తేలిగ్గా తీసేయకండి. మామూలుగా కాడెంజా మొదటి భాగం చివర్లో వస్తుంది. మెండెల్సన్ దాన్ని మధ్యకు జరిపాడు. దాని చివర కమాను నాలుగు తీగల మీదా గెంతుతూ ఉంటుంది. ఆ గెంతులు ఆగకముందే ఆర్కెస్ట్రా మెల్లగా పల్లవి లాంటి మొదటి వరుస అందుకుంటుంది. అంతదాకా రాజ్యమేలిన సోలో వయొలిన్ అక్కడ పక్కవాద్యమైపోతుంది! ఆ మార్పు ఎంత మెత్తగా జరిగిందన్నది వాయించేవాడి సొంతం. మీ ముగ్గురినీ ఆ ఒక్కచోట మళ్లీ వినండి.

చప్పట్లంటారా, ఇందులో ఆ బెంగ తక్కువ. మొదటి భాగం ముగిసినా బసూన్ అనే ఊదే వాద్యం ఒక్క స్వరం పట్టుకుని రెండో దాంట్లోకి తీసుకుపోతుంది. మూడు భాగాలూ అయ్యాక కొట్టండి. 'భళా' మాత్రం లోపలే అనుకోండి, పక్కసీటు వాళ్లు గుడ్లురుముతారు.

ఎంవీపీ కాలనీ శ్రోత:
విన్నాను. ముగ్గురిలో ఒకాయన ఆ గెంతుల్ని తగ్గించనే లేదు, ఆర్కెస్ట్రా మీదెక్కి కూర్చున్నాడు. మృదంగం వాడైతే మా గురువుగారు అక్కడే కసురుకునేవారు.