ప్రోటీన్‌కు దారి చూపేది సిగ్నలా, రైబోజోమా?

బెజవాడ లాంగ్‌టర్మ్: మా వీకెండ్ టెస్టులో ఒక బిట్టు: "ఫ్రీ రైబోజోములు, ఈఆర్‌కు (ఎండోప్లాస్మిక్ రెటిక్యులం, కణంలోని పొరల వల) అంటుకున్న రైబోజోములు వేర్వేరు రకాలు." తప్పు అని పెట్టాను. కీలో కరెక్ట్ అని ఇచ్చారు. నాలుగు మార్కులు పోయి, పైగా మైనస్ ఒకటి. రెండూ ఒకటే కదా సార్?

బ్రాడీపేట జువాలజీ: ఒకటేనమ్మా. ప్రోటీన్ ఎక్కడికెళ్లాలో దారి చెప్పేది దాని మొదట్లో ఉండే సిగ్నల్ సీక్వెన్స్, సుమారు 15–30 అమైనో ఆమ్లాలు. గుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ వచ్చింది ఇందుకే. రైబోజోము అమైనో ఆమ్లాల గొలుసు అల్లుతుంది, అంతే.

తెనాలి బయోటెక్: ఆ "అంతే" దగ్గరే నా పేచీ మాస్టారూ. సిగ్నల్‌ను పట్టుకునే ఎస్ఆర్‌పీ (సిగ్నల్ రికగ్నిషన్ పార్టికల్) కూర్చునేది రైబోజోములో గొలుసు బయటికొచ్చే సొరంగం మూతి దగ్గరే. అక్కడే నాక్ అనే ప్రోటీన్ల కాంప్లెక్స్ కాపలా ఉంటుంది. సిగ్నల్ లేని గొలుసుల మీదికి ఎస్ఆర్‌పీని రానివ్వదు, సిగ్నల్ బయటికొస్తే దానికి అప్పగిస్తుంది. ఈ అప్పగింత ఎలా జరుగుతుందో 2022లో చూపించారు. ఆపైన అల్లిక నెమ్మదించి, రైబోజోము గొలుసుతో సహా ఈఆర్ మీది సెక్61 ద్వారానికి చేరుతుంది. రైబోజోము లేని మెట్టు ఏది ఇందులో?

బ్రాడీపేట జువాలజీ: సిగ్నల్ తీసేయండి, ఆ ప్రోటీన్ సైటోప్లాజంలోనే ఉండిపోతుంది. మైటోకాండ్రియా ప్రోటీన్లు చాలావరకు పూర్తిగా తయారయ్యాకే లోపలికి వెళ్తాయి. వాటికి మీ రైబోజోము ఏం దారి చూపింది?

పటమట పేరెంట్: మా వాడికీ ఇదే బిట్టు పోయింది. అడిగితే "మీరేమైనా డాక్టరా" అన్నారు. ఫీజు మాత్రం ముందే కట్టించుకున్నారు.

తెనాలి బయోటెక్: నేను ఈఆర్ గురించి అడిగితే మీరు మైటోకాండ్రియాకు పోతున్నారు. ఓఎమ్మార్‌లో ఒక్క గడే దిద్దాలి కాబట్టి మీకు ఒక్క జవాబే కావాలి.

బ్రాడీపేట జువాలజీ: అవును, కావాలి! గందరగోళపడి సీటు పోగొట్టుకునేది నా పిల్లలు, మీరు కాదు. ఇంటర్ పిల్లకు నాక్ ఎందుకండీ?

తెనాలి బయోటెక్: ఈ అమ్మాయికి మార్కు పోయింది సగం చెప్పడం వల్లే. అదే రైబోజోము సిగ్నల్ వస్తే పొరకు చేరుతుంది, పనయ్యాక విడిపోయి మళ్లీ ఫ్రీ రైబోజోములతో కలుస్తుంది. ఇది క్లాసులో చెప్పి ఉంటే "వేర్వేరు రకాలు" అని కీ ఎవరు రాస్తారు?

బెజవాడ లాంగ్‌టర్మ్: సార్, కీ మీద అభ్యంతరాలకు రేపే ఆఖరు. రెండూ ఒకటేనని ఎవరైనా రాసిస్తారా?

బ్రాడీపేట జువాలజీ: రాత్రికి రాసి పెడతానమ్మా. నాక్ సంగతి మాత్రం రాయను.

తెనాలి బయోటెక్: విడిపోయి కలుస్తుందన్న మాటైనా రాయండి మాస్టారూ. అది లేకపోతే వాళ్లు ఒప్పుకోరు.