కథ కొత్తదైతేనే యానిమేషన్ సినిమా చూడదగ్గదా?

మానేరు_గట్టు (కరీంనగర్):
2024లో పెద్ద స్టూడియోల నుంచి వచ్చి బాగా ఆడిన యానిమేషన్ సినిమాలేవి? ఇన్‌సైడ్ అవుట్ 2, మోనా 2, డెస్పికబుల్ మీ 4, కుంగ్‌ఫూ పాండా 4. అన్నీ పాత కథలకు తోకలే. మరుసటేడు పిక్సార్ కొత్త కథతో ఎలియో తెస్తే జనం రాలేదు. వెంట్రుక వెంట్రుకకూ లైటింగ్ చేస్తున్నారు, చెప్పడానికి మాత్రం కథ లేదు. నా లెక్కలో ఇది దిగజారుడే.

ఫ్రేము_లెక్క (హన్మకొండ):
అన్నా, పేరు పక్కన అంకె చూసి తీర్పు చెప్పొద్దు. 1999 నాటి టాయ్ స్టోరీ 2 కూడా రెండో భాగమే. విడుదలకు తొమ్మిది నెలల ముందు, ఉన్న కథను పక్కనపెట్టి మళ్లీ అల్లుకున్నారు. ఫ్రోజెన్‌లో ఎల్సా మొదట ప్రతినాయిక. ఆమె కోసం కట్టిన పాట విన్నాక పాత్రనే మార్చేశారు.

కథ తేలేది యానిమాటిక్‌లో, అంటే స్టోరీబోర్డు బొమ్మల్ని తాత్కాలిక గొంతులతో వరుసగా కూర్చి చూసుకునే దశలో. అక్కడ ఒక సీను తీసేస్తే పోయేది కొన్ని రోజుల గీత పని. ఆ తర్వాత అట్లా కుదరదు. గంటన్నర సినిమాకు సెకనుకు 24 చొప్పున 1,29,600 ఫ్రేములు, అంటే విడివిడి బొమ్మలు. ఫ్రేముకు రెండు గంటల రెండరింగ్, అంటే కంప్యూటరు తుది బొమ్మ తయారుచేసే పని, అనుకుంటే, 300 మిషన్లు ఆగకుండా తిరిగినా 36 రోజులు. అదీ ఒక్కసారికే.

విడుదల తేదీ ముందే ప్రకటించి, క్లైమాక్సు తేలకముందే పాత్రలకు రిగ్గింగ్ (కదపడానికి లోపల ఎముకల్లాంటి అమరిక), సెట్లకు మోడలింగ్ (కంప్యూటర్లో ఆకారం కట్టడం) మొదలుపెడితే చెడుతుంది. కట్టేసిన సెట్లకు తగ్గట్టు కథను వంచాల్సి వస్తుంది. దీన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. కీలకమైన మాట పాత్ర వీపు మనవైపు ఉన్నప్పుడు వినిపిస్తే అనుమానించండి. పెదవులు కదపనక్కర్లేదు గనక అతుకు అక్కడ వేస్తారు.

భద్రకాళి_కట్ట (వరంగల్):
బోర్డే మూలమైతే ఫ్లో సంగతేంది అన్నా? లాత్వియా డైరెక్టరు, 2024 సినిమా. స్టోరీబోర్డు గీయనే లేదు. బ్లెండర్‌ల సెట్టు కట్టి, అండ్ల కెమెరా తిప్పుకుంట షాట్లు ఎతుక్కున్నడు. పైసా పెట్టకుండ దొరికే సాఫ్ట్‌వేరది. వరదల చిక్కిన పిల్లి కథ, ఒక్క మాట లేదు. అండ్ల కాపిబారా అని పెద్ద ఎలుక లాంటి జంతువు, దాని అసలు గొంతు మరీ సన్నగున్నదని ఒంటెపిల్ల గొంతు పెట్టిండ్రు. 2025ల ఆస్కార్ కొట్టింది. కొత్త కథలు లేక కాదు, మన టాకీసుల దాకా వస్తలేవు.

ఫ్రేము_లెక్క:
బోర్డు లేదు గానీ యానిమాటిక్ ఉంది తమ్మీ. కాగితం మీద కాకుండా సెట్లోనే చేసుకున్నాడు, నచ్చని షాటు పారేసే వీలు అక్కడా ఉంది. నేననేది ఆ వీలు గురించే.

మానేరు_గట్టు:
ఫ్లో కొత్తదే, ఒప్పుకుంటా. మరి 2025లో మన దగ్గర ఇరగాడింది మహావతార్ నరసింహ. స్తంభం చీలుతుందని చిన్నపిల్లలకూ తెలుసు. దాన్ని కొత్త కథ అందామా?

భద్రకాళి_కట్ట:
కొత్తది కాదు. అయితేంది? చేర్యాల పటం ముందట కూసునేటోళ్లకు కథ తెల్వకనా? మూడడుగుల ఎడల్పు బట్ట, గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి, ఎర్రటి నేలమీద బొమ్మలు. కూనపులోళ్లు, అంటే పటం చూపి కథ చెప్పేటోళ్లు, మార్కండేయ పురాణం చెప్తుంటే పద్మశాలీలు ఎన్ని తరాల సంది ఇంటున్నరు! కథ తెల్సినా, తర్వాతి బొమ్మ ఎప్పుడు ఇప్పుతడో తెల్వదు. అండ్లనే ఉన్నది పనితనం. గీ పటాన్నే సినిమా ఎందుకు చెయ్యరు?

ఫ్రేము_లెక్క:
చేయొచ్చు, కానీ త్రీడీలోకి తెస్తే చచ్చిపోతుంది. పక్కకు తిరిగిన ముఖంలో ఆ పెద్ద కన్ను గుండ్రటి తలకు అతకదు, గీత కరిగిపోతుంది. టూడీ కటౌట్ పద్ధతే నయం. మెడ, భుజం, మోచేయి, నడుము, మోకాలు విడివిడి ముక్కలు, సెకనుకు 12 కదలికలు చాలు. 2018 నాటి స్పైడర్‌మ్యాన్ యానిమేషన్‌లో హీరో మైల్స్‌ను చాలాచోట్ల సెకనుకు 12 సార్లే కదిపారు, అది లోపంగా ఎవరికీ అనిపించలేదు. కెమెరా లోపలికి దూరకూడదు, పటం విప్పినట్టు కిందికే జరగాలి.

మానేరు_గట్టు:
గంటన్నరా కిందికే జరిగితే నిద్రొస్తుంది.

ఫ్రేము_లెక్క:
ఆగాల్సిన చోట ఆగితే రాదు. ఘట్టానికీ ఘట్టానికీ మధ్య పటంలో పూల అంచు ఉంటుంది చూడండి. కోత అక్కడే పెట్టాలి. పటం తెరిచే ముందు కథకుడు గొంతు ఎంతసేపు సాగదీస్తాడో, ఆ అంచు మీద అంతసేపు నిలపాలి. ముందు ఐదు ఘట్టాలకు యానిమాటిక్ చేసి, గొంతు ఒక్కటే పెట్టి చూడండి. రంగులు తర్వాత వేసుకోవచ్చు.