అప్‌డేట్: డబుల్ మేజర్‌లో రెండోది ‘అసంపూర్తి’ అని చూపిస్తున్న సమస్య తీరింది

ఒకే డిగ్రీలో గణితం, ఎకనామిక్స్ రెండూ మేజర్లుగా (ప్రధాన సబ్జెక్టులుగా) చేస్తున్నాను, కోర్సులన్నీ పాసైనా డిగ్రీ ఆడిట్‌లో (డిగ్రీకి కావాల్సినవన్నీ పూర్తయ్యాయో లేదో సాఫ్ట్‌వేర్ చూపే రిపోర్టులో) ఎకనామిక్స్ మాత్రం అసంపూర్తి అని వస్తోందని అడిగాను కదా. ఆ గొడవ తీరింది. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

‘ఒకే కోర్సు రెండు చోట్లా లెక్కలోకి వస్తోందేమో చూడు’ అన్నవారి మాటే నిజమైంది. రెండు మేజర్లకూ ఉమ్మడిగా ఎన్ని కోర్సులు చూపించవచ్చో మా యూనివర్సిటీలో పరిమితి ఉంది. అది దాటేసరికి స్టాటిస్టిక్స్ కోర్సు గణితం ఎలక్టివ్ (మనం ఎంచుకునే కోర్సు) కిందే ఉండిపోయి, ఎకనామిక్స్‌లో ఆ గడి ఖాళీగా మిగిలింది. సాఫ్ట్‌వేర్ మొదటి మేజర్‌కే ముందు వేసేస్తుందట, మనల్ని అడిగేదేముంది! అడ్వైజర్ ఒక ఫారం పెట్టించి, నేను సరదాకి చేసిన నంబర్ థియరీని గణితం ఎలక్టివ్‌గా చూపించి, స్టాటిస్టిక్స్‌ను ఎకనామిక్స్ వైపు మార్పించారు. కొత్తగా ఏ కోర్సూ తీసుకోనక్కర్లేకపోయింది.

జీపీఏకి (గ్రేడ్ల సగటుకి) దీనితో సంబంధమే లేదు. అదనపు క్రెడిట్లు కూడా చేయాలన్న నిబంధన ఒకటి చూసి ఊరికే టెన్షన్ పడ్డాను. అది రెండు వేర్వేరు పట్టాలు తీసుకునే డ్యూయల్ డిగ్రీ వాళ్లకి. డబుల్ మేజర్‌కు పట్టా ఒక్కటే. మీకూ ఇలాగే వస్తుంటే ముందు ఉమ్మడి కోర్సుల పరిమితి చూడండి, రెండు విభాగాల నిబంధనల్లోనూ.