భూమికి నీళ్లు ఎక్కడివి?

టిన్నుల వ్యాపారి, విజయవాడ:
సత్యనారాయణపురంలో మాకు మంచినీళ్ల ప్లాంటు ఉంది. మొన్న ఒక ఇంట్లో టిన్ను దించుతుంటే వాళ్ల అబ్బాయి అడిగాడు: "అంకుల్, నీళ్లు భూమి పుట్టినప్పటివైతే టిన్ను మీద గడువు తేదీ ఎందుకు?" వాళ్లమ్మ నవ్వేసింది గానీ ఆ ప్రశ్న నన్ను వదలలేదు. బోరు నీళ్లో కృష్ణ నీళ్లో టీడీఎస్ మీటరు ముంచితే చెప్పేస్తాను. మరి అసలు భూమికే నీళ్లు ఎక్కడివి? మొదట్లో నిప్పుముద్ద అంటారు, తోకచుక్కలు తెచ్చి పోశాయంటారు. నిజమేనా? తెలిసినవారు చెప్పండి.

కెమిస్ట్రీ మాస్టారు, గుంటూరు:
గడువు నీటికి కాదండీ, టిన్నులో పెరిగే సూక్ష్మజీవుల కోసం. ఇక మీ మీటరు చూసేది నీటిలో కరిగిన లవణాలను. అవి దారిలో కలిసినవి. పుట్టుక తెలియాలంటే హైడ్రోజన్‌నే పట్టుకోవాలి. అందులో డ్యుటీరియం అని బరువైన రకం ఒకటుంది. నీరు ఎక్కడిదన్నదాన్ని బట్టి దాని పాలు మారుతుంది. మణుగూరులో గోదావరి నీటి నుంచి భారజలం తీసేది దీనికోసమే. మన సముద్రాల్లో సుమారు 6,400 హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి ఇలాంటిది. 1986లో జియోటో అనే వ్యోమనౌక హేలీ తోకచుక్క పక్కగా పోతూ కొలిస్తే దాదాపు రెట్టింపు తేలింది. 2014లో రొసెట్టా అనే వ్యోమనౌక ఇంకో తోకచుక్క దగ్గర కొలిస్తే మూడు రెట్లకు పైనే! కాబట్టి సముద్రమంతా తోకచుక్కల చలవే అంటే ఒప్పుకోను. గ్రహశకలాల నుంచి రాలిన కర్బన ఉల్కల లెక్క మాత్రం మనదానికి బాగా దగ్గర.

ఇంటర్ విద్యార్థిని, గుంటూరు:
మాస్టారూ, హార్ట్‌లీ-2 అనే తోకచుక్కను వదిలేశారు. 2011లో హెర్షెల్ టెలిస్కోపు లెక్కలో అది సముద్రంతో సరిపోయింది. రొసెట్టా సంగతి కూడా తేలిపోలేదు. తోకచుక్క దగ్గర ఎగిరే ధూళి వల్ల ఆ అంకె ఎక్కువ కనిపించిందని 2024లో ఒక విశ్లేషణ వచ్చింది. అంత తొందరగా వాటిని వెళ్లగొట్టకండి.

కెమిస్ట్రీ మాస్టారు, గుంటూరు:
వెళ్లగొట్టలేదమ్మా, వాటా తగ్గించాను, అంతే. నా మొగ్గు అసలు వేరే వైపు. భూమికి ముడిసరుకు ఎన్‌స్టటైట్ అనే ఖనిజం ఎక్కువగా ఉండే ఉల్కల్లాంటి రాళ్లని చాలామంది అంచనా. అవి ఎండు రాళ్లనే అనుకునేవారు. 2020లో ఫ్రాన్స్‌లోని నాన్సీ పరిశోధకులు చూస్తే వాటిలో హైడ్రోజన్ బాగానే దొరికింది. భూమి అలాంటి రాళ్లతోనే తయారై ఉంటే సముద్రాలకు కనీసం మూడు రెట్ల నీటికి అది సరిపోతుంది. నిప్పుముద్దగా ఉన్నప్పుడు కూడా కరిగిన రాయి కొంత నీటిని తనలో ఇముడ్చుకోగలదు. తర్వాత అగ్నిపర్వతాల ఆవిరిగా పైకొచ్చి, చల్లబడి వానైంది. ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో దొరికే జిర్కాన్ అనే ఖనిజ రేణువుల్లో అన్నిటికంటే పాతవి 440 కోట్ల ఏళ్ల నాటివి. వాటి ఆక్సిజన్‌ను బట్టి చూస్తే అప్పటికే ద్రవరూపంలో నీరున్నట్టుంది.

టిన్నుల వ్యాపారి, విజయవాడ:
అయితే లోపల ఇంకా మిగిలి ఉందా అండీ?

కెమిస్ట్రీ మాస్టారు, గుంటూరు:
ఉంది. బ్రెజిల్‌లో దొరికిన ఒక వజ్రంలో రింగ్‌వుడైట్ అనే ఖనిజం కణం ఇరుక్కుని ఉందని 2014లో ప్రకటించారు. ఆ కణం బరువులో దాదాపు 1 శాతం నీరే. ఆ ఖనిజం ఉండేది 500 కిలోమీటర్ల కంటే లోతున. అయితే ఆ నీరు రాతి నిర్మాణంలోనే కలిసిపోయి ఉంటుంది, మీరు బోరు వేసినా చుక్క రాదు.