అమెరికా నుంచి తిరిగి వచ్చేశాక 401కె సొమ్ము తీసుకుంటే పన్ను ఏ దేశానికి కట్టాలి?

ప్రశ్న:
నమస్కారం. చాలా ఏళ్లు అమెరికాలో హెచ్‌-1బి వీసాపై ఉద్యోగం చేసి, గత ఏడాది కుటుంబంతో సహా భారతదేశానికి తిరిగి వచ్చేశాను. నాకు 46 ఏళ్లు. గ్రీన్ కార్డు తీసుకోలేదు. అక్కడి 401కె ఖాతా (ఉద్యోగం ద్వారా నడిచే పదవీ విరమణ పొదుపు ఖాతా) అలాగే ఉంది. దానిని ఇప్పుడే మూసి సొమ్మంతా తెచ్చుకోవాలా, 59½ ఏళ్లు నిండేదాకా ఆగాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. రెండు దేశాల మధ్య పన్ను ఒప్పందం ఉంది కనుక అమెరికాలో ఏమీ కట్టనక్కరలేదని కొందరు, 40 శాతం పోతుందని మరికొందరు అంటున్నారు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం 1:
రెండు మాటల్లోనూ కొంత నిజం ఉందండి. 1989 నాటి ఒప్పందంలోని 20వ అధికరణం ప్రకారం, ప్రైవేటు పింఛనుపై పన్ను వేసే హక్కు పుచ్చుకునేవారు నివసించే దేశానిదే. అయితే, గతంలో చేసిన సేవలకు ప్రతిఫలంగా నిర్ణీత వ్యవధుల్లో అందే చెల్లింపునే ఆ అధికరణం పింఛను అంటోంది. 46వ ఏట ఖాతా మొత్తం ఖాళీ చేసి, అది పింఛనని వాదించి నెగ్గడం కష్టమని నా అభిప్రాయం. ఒప్పందం వర్తించకపోతే ఖాతా నిర్వహించే సంస్థ సాధారణంగా 30 శాతం మినహాయించుకుని మిగిలినది పంపుతుంది. 59½ ఏళ్లు నిండకముందే తీసుకున్నందుకు 10 శాతం అదనపు పన్నును రిటర్నుతో పాటు మీరే కట్టాలి. మీరు విన్న 40 శాతం ఈ రెండూ కలిపిన లెక్కే. కాకపోతే ఆ 30 శాతమే తుది పన్ను కానక్కరలేదు. 1040-ఎన్‌ఆర్ రిటర్ను (అమెరికాలో నివసించనివారు అక్కడ వేసే పన్ను రిటర్ను) వేసి, అక్కడి ఉద్యోగానికి సంబంధించిన భాగాన్ని శ్లాబు రేట్లలో లెక్కించి, ఎక్కువ పట్టుకున్నది వాపసు అడగవచ్చు.

సమాధానం 2:
భారతదేశం వైపు లెక్క కూడా చూడండి. గత పదేళ్లలో తొమ్మిదేళ్లు ప్రవాసిగా ఉన్నవారికి, లేదా గత ఏడేళ్లలో ఇక్కడ గడిపినది 729 రోజులకు మించనివారికి ఆర్‌ఎన్‌ఓఆర్ (నివాసి అయినా సాధారణ నివాసిగా లెక్కకు రాని) హోదా దక్కుతుంది. తిరిగి వచ్చినవారికి ఇది సాధారణంగా రెండు మూడేళ్లు ఉంటుంది. ఆ కాలంలో తీసిన సొమ్ము ముందు అమెరికాలోని మీ బ్యాంకు ఖాతాలో పడి, తరువాత ఇక్కడికి వస్తే దానిపై ఇక్కడ పన్ను ఉండదు. నేరుగా భారతీయ ఖాతాలో జమ చేయించుకుంటే మాత్రం ఇక్కడ అందిన ఆదాయంగా పన్ను పడే ప్రమాదం ఉంది. ఈ చిన్న విషయాన్ని చాలామంది పట్టించుకోరు. తక్షణ అవసరం లేకపోతే ఒక్క ఆర్‌ఎన్‌ఓఆర్ వెసులుబాటు కోసమే 10 శాతం వదులుకోవడం నాకు సమంజసంగా తోచదు. 59½ తరువాత విడతలుగా తీసుకుంటే 20వ అధికరణాన్ని ఆశ్రయించే బలమూ పెరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండి. అలా వదిలేస్తే, ఆర్‌ఎన్‌ఓఆర్ హోదా ముగిశాక, సొమ్ము చేతికి రాకపోయినా ఖాతాలో ఏటా పెరిగే మొత్తంపై ఇక్కడ పన్ను కట్టవలసి వస్తుందా?

సమాధానం 3:
ఆ చిక్కు తీర్చడానికే 2021 ఆర్థిక చట్టం ద్వారా 89ఎ సెక్షన్ తెచ్చారు. అమెరికా, బ్రిటన్, కెనడాలలోని పదవీ విరమణ ఖాతాలకు ఇది వర్తిస్తుంది. రిటర్ను గడువులోగా 10-ఈఈ ఫారం ఆన్‌లైన్‌లో దాఖలు చేస్తే, ఏటా పెరిగిన దానిపై కాకుండా, అక్కడ పన్ను పడే సంవత్సరంలోనే ఇక్కడా పన్ను పడుతుంది. రెండు దేశాల పన్నూ ఒకే ఏడాదిలోకి రావడం వల్ల, అక్కడ కట్టిన దానికి 67వ నంబరు ఫారం ద్వారా ఇక్కడ మినహాయింపు పొందడం సాధ్యమవుతుంది. అయితే ఒకసారి ఎంచుకున్నాక వెనక్కి తీసుకోలేరు. తరువాత మళ్లీ ప్రవాసి అయితే అసలు ఎంచుకోనట్టే భావించి, మధ్య సంవత్సరాల పెరుగుదలపై పన్ను అడుగుతారు. అందుచేత మళ్లీ విదేశానికి వెళ్లే ఆలోచన ఉంటే ముందుగా లెక్క వేయించుకోండి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలులోకి వచ్చినందున, సెక్షన్, ఫారం సంఖ్యలను దాఖలు చేసే ముందు సరిచూసుకోవాలి. ఆర్‌ఎన్‌ఓఆర్ హోదా ముగిసిన ఏడాది నుంచి ఈ ఖాతాను రిటర్నులోని విదేశీ ఆస్తుల షెడ్యూలులో చూపించడం తప్పనిసరి. చూపకపోతే నల్లధన చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా పడే అవకాశం ఉంది.