1/70 సడలిస్తే మన్యానికి మేలా, కీడా?

బేగంపేట రైతు: పాడేరు వైపు కాఫీ తోటలు చూసి మొన్ననే హైదరాబాదు తిరిగివచ్చాను. బంగారం లాంటి నేల, ఊరికి మాత్రం రోడ్డు లేదు. 1970 నాటి 1వ నిబంధన, అంటే ఈ 1/70 చట్టం వల్ల గిరిజనేతరుడు అక్కడ సెంటు భూమి కొనలేడు. అది సడలిస్తే పెట్టుబడి వస్తుంది, వెనకే రోడ్డూ వస్తుంది.

నాచారం: రోడ్డు ముందు రానివ్వండి.

కొండవాలు: మాది అల్లూరి జిల్లా. పదకొండేళ్లుగా ఉప్పల్‌లో ఉంటున్నాను. మా నాన్న కాఫీ నాటి కాపు కోసం నాలుగేళ్లు ఆగారు. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ మానుకే మిరియాల పాదు. ఎర్రబడిన పండే కోయాలి, పచ్చిది కలిస్తే ధర పడిపోతుంది. అందుకే ఒక్కో చెట్టు దగ్గరికి మూడు నాలుగు సార్లు వెళ్లాలి. ఇదంతా ఎవరి పెట్టుబడితో చేశారండీ?

బేగంపేట రైతు: నేను అడిగింది రోడ్డు గురించి తమ్ముడూ.

కొండవాలు: రోడ్డుకు 1/70 అడ్డమని ఎవరు చెప్పారు? 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ సిఫారసు చేస్తే హెక్టారు లోపు అటవీ భూమిని రోడ్డుకు ఇవ్వవచ్చు. నొప్పులు పడుతున్న మా చెల్లిని డోలీలో దించాం. కర్రకు కట్టిన దుప్పటి వానకు తడిసి బరువెక్కింది, మోసేవాళ్లు భుజాలు మార్చుకోవడానికి కూడా చోటు లేదు. రోడ్డు కోసం మేము భూమి అమ్ముకోవాలా?

పాత గుత్తేదారు: 2018లో లివిటిపుట్టు దగ్గర ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావునే మావోయిస్టులు కాల్చి చంపారు. మా బావ పొక్లెయిన్‌కు నిప్పు పెట్టారు. ఇక పనికి ఎవరు వెళ్తారు?

కొండవాలు: మీ బావ యంత్రం పోయింది. రాత్రి వచ్చినవాళ్లకు అన్నం పెట్టాడని పగలు వచ్చినవాళ్లు మా చిన్నాన్నను పట్టుకుపోయారు. నాలుగు రోజులు ఎక్కడున్నాడో తెలియలేదు.

బేగంపేట రైతు: మా నాన్న రెండెకరాలు అమ్మి నన్ను చదివించారు. నచ్చినవాడికి అమ్ముకునే హక్కు ఉండబట్టే నేను ఈ నగరంలో నిలబడ్డాను. మీ నాన్నకు ఆ హక్కు ఎందుకు ఉండకూడదు? ఆయన్ను చిన్నపిల్లవాడిలా చూస్తున్నది మీరే!

కొండవాలు: మా తాత ఉప్పుకూ బట్టకూ అప్పు చేస్తే, పసుపు తవ్వక ముందే షావుకారు పంట రాయించుకున్నాడు. భూమి రాయించుకోలేకపోయింది ఈ చట్టం వల్లే. మీకు అమ్మకమంటే చదువు. మాకు వెళ్లగొట్టడం.

బేగంపేట రైతు: సరే, కౌలుకైనా ఒప్పుకోవచ్చు కదా?

కొండవాలు: గిరిజనేతరులకు కౌలు ఇవ్వడం కూడా ఆ చట్టం కింద బదిలీయే. మార్చాలంటే మా ఊరి గ్రామసభను అడగండి. డిసెంబరులో మాత్రం వెళ్లకండి, అందరూ కోతలో ఉంటారు.